చిన్న రైలు పోయిన దారిలో మా బస్సు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం మీదుగా టెక్కలి వెళ్ళే బస్సు గురించి ఎవరైనా రాయగా నేను చూడలేదు. మా ప్రాంతాన్ని తలుచుకునే వాళ్ళందరూ చిన్న రైలునే తలుచుకుంటారు. నౌపడ నుంచి గుణుపురం దాకా పొగ వదులుతూ, వరి పొలాల మధ్య మెల్లగా సాగిన ఆ రెండున్నర అడుగుల గేజి రైలుకు అంత గౌరవం దక్కడం న్యాయమే. అయితే ఆ రైలు మా వాళ్ళకు అలవాటు చేసిన ప్రయాణాలను కొన్నేళ్ళు దాని పక్కన నడుస్తూ పంచుకుని, అది ఆగిపోయిన తరువాత ఆ బరువంతా ఒంటిగా మోసిన బస్సుకు కూడా మా కుటుంబాల కథలో చోటు ఉండాలని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది. నా చదువు, అక్క కూతురి పెళ్ళి, అమ్మమ్మ ఆఖరి రోజులు, అన్నీ ఆ బస్సుతో ముడిపడినవే కనుక, తెలిసినంతవరకు రాస్తున్నాను.

ఈ దారి మొదట రైలుది. పంతొమ్మిదో శతాబ్దం చివర మద్రాసును కలకత్తాతో కలిపే పెద్ద లైను తీరం వెంట వచ్చినప్పుడు, దానికి దగ్గరి స్టేషను నౌపడ అయింది. అంత పెద్ద జమీందారీకి ముఖ్యపట్టణమైన పర్లాకిమిడి మాత్రం అక్కడికి పాతిక మైళ్ళ దూరంలో ఉండిపోయింది. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ ప్రభుత్వ అనుమతి తీసుకుని, సుమారు ఏడు లక్షల రూపాయల జమీందారీ సొమ్ముతో నౌపడ నుంచి పర్లాకిమిడికి, మా నోట కిమిడికి, చిన్న లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న ఆ లైను మొదలైంది. తొలి ఏళ్ళలో దాని మీద నష్టాలే వచ్చాయి. ఆ తరువాత కృష్ణచంద్ర గజపతి కాలంలో లైను వంశధార లోయ వెంట పైకి సాగి 1931 నాటికి గుణుపురం చేరింది. మొత్తం దూరం తొంభై కిలోమీటర్లు. ఒక జమీందారు తన ఊరిని లోకంతో కలపాలని ఇంత పని తలపెట్టడం, నష్టం వస్తున్నా మానకపోవడం నాకు ఇప్పటికీ గొప్పగానే తోస్తుంది.

రైలు రావడంతో మా ఊళ్ళకు దక్కిన మేలు ఏమిటో లెక్కల పుస్తకాలకన్నా పెళ్ళి పిలుపుల జాబితాలు బాగా చెబుతాయి. మా నాయనమ్మది టెక్కలి, అమ్మమ్మది టెక్కలికి అవతల ఊరు, మేనత్తను ఇచ్చింది పాతపట్నం, పెద్దమ్మను ఇచ్చింది కాశీనగరం. రైలు ఆగే ఊళ్ళలోనే మా చుట్టరికాలన్నీ కుదిరాయి. నౌపడ ఉప్పు ఆ రైల్లోనే పైకి పోయేది. గుణుపురం వైపు కొండల నుంచి చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు అదే రైల్లో కిందికి దిగేవి. పొద్దున ఎక్కిన వాళ్ళు సాయంత్రానికి తిరిగి రాగలరన్న నమ్మకం కలిగాకనే పిల్లను పాతిక మైళ్ళ అవతల ఇవ్వడానికి తల్లులు ఒప్పుకున్నారని నాయనమ్మ చెప్పేది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి వెళ్ళింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. రైలు మొదలైన తేదీ, రాష్ట్రాల మధ్య గీత పడిన తేదీ ఒకటే కావడం మా ఊరి వాళ్ళు మరిచిపోరు. కిమిడిలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ మార్పును అంగీకరించలేక ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. వెళ్ళగలిగిన వాళ్ళు వెళ్ళారు, మా వంటి కుటుంబాలు ఉండిపోయాయి. ఉండిపోయిన వాళ్ళకు తెలుగు బంధువులు, తెలుగు బడి పుస్తకాలు, తెలుగు పత్రికలు అన్నీ గీతకు అవతలి నుంచి రావలసినవయ్యాయి. వాటిని తెచ్చిపెట్టినది మొదట రైలు, తరువాత బస్సు.

నాకు ఊహ తెలిసేనాటికి రెండూ ఉన్నాయి. రైలు పట్టాలు కొంత దూరం రోడ్డుకు ఆనుకుని వచ్చి, మళ్ళీ ఏదో చెరువు గట్టు చూసుకుని పొలాల్లోకి తప్పుకునేవి. గేటు పడినప్పుడు బస్సు ఆగి, రైల్లో వాళ్ళూ బస్సులో వాళ్ళూ ఒకరినొకరు గుర్తుపట్టి పలకరించుకునేవారు. "ఏటి పిన్నీ, బేగి వచ్చెస్తన్నావు?" అని ఇటు నుంచి అడిగితే, "మీ బస్సు ముందెళ్ళినా మా ఇంటికాడే ఆగాల!" అని అటు నుంచి జవాబు వచ్చేది. పెద్దవాళ్ళకు రైలంటేనే ఇష్టం. సామాను ఎంతైనా వేసుకోవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, అట్ట టికెట్టు ధర తక్కువ. కాలేజీ పిల్లలం మాత్రం బస్సు కోసమే చూసేవాళ్ళం, ఎందుకంటే రైలు రోజుకు ఎన్ని సార్లు తిరిగినా దాని వేళ దానిది, మా గంటలతో దానికి పని లేదు. 1896లో మొదలైన కృష్ణచంద్ర గజపతి కళాశాలకు ఆంధ్రా వైపు పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్ళు పాతపట్నంలో గుంపుగా ఎక్కేవారు. ఒడియా మాట్లాడే తోటి విద్యార్థులు వాళ్ళతో తెలుగులోనే హాస్యాలాడేవారు. కిమిడిలో పుట్టిన నేను ఆ ఒడియా కుర్రాళ్ళకు ఒడియాలో బదులు చెప్పేవాణ్ణి. దానిని ఎవరూ వింతగా భావించలేదు.

ఆ బస్సును దగ్గరగా చూసినట్టు చెప్పాలంటే వెనక నిచ్చెన దగ్గర మొదలుపెట్టాలి. ఇనుప మెట్లు అరచేతుల రాపిడికి నున్నబడి మెరుస్తుండేవి. దాని మీదుగా కూలివాడు జీడిపిక్కల బస్తాను వీపు మీద వేసుకుని పైకి ఎక్కేవాడు. పైన వెదురు బుట్టలు, సైకిళ్ళు, కాళ్ళు కట్టిన కోళ్ళు, పండగ ముందర అయితే కొత్త మంచపు కోళ్ళు కూడా ఉండేవి. ముందు అద్దం మీద ఊళ్ళ పేర్లు ఒక వరుస తెలుగులో, ఒక వరుస ఒడియాలో రాసి ఉండేవి. లోపల డ్రైవరు సీటు వెనక కమ్మీకి పసుపుతాడు చుట్టి, నీలమణి దుర్గ పటం ఒకటి వేలాడదీసేవారు. పాతపట్నం దాటేటప్పుడు డ్రైవరు ఒక్క క్షణం స్టీరింగు నుంచి కుడిచెయ్యి తీసి గుడి వైపు దండం పెట్టుకునేవాడు, ఆ క్షణంలో బస్సులో ఉన్న ఆడవాళ్ళందరి చేతులూ లేచేవి.

మా వేళకు వచ్చే కండక్టరు టెక్కలి మనిషి. చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక ఇవ్వవలసిన పైసలు రాసి, గుండ్రంగా ఒక గీత గీసి చేతిలో పెట్టేవాడు. ఆ రోజు దిగేటప్పుడు అడగడం మరిచిపోయినా పరవాలేదు, వారం తరువాత అదే టికెట్టు ముక్క చూపిస్తే మారుమాట లేకుండా ఇచ్చేవాడు. మా అమ్మ అటువంటి ముక్కలను పోపుల పెట్టెలో దాచేది. వాటిలో కొన్నింటికి మెంతుల వాసన పట్టి, సిరా పాలిపోయి ఉన్నా ఆయన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, "అవునమ్మా, నా రాతే" అని సంచిలోంచి నాణేలు ఏరి లెక్కపెట్టేవాడు. ఇంత చిన్న విషయం నాకు ఇంతగా గుర్తుండడానికి కారణం ఉంది. మాకు ఒరిస్సాలో రేషను కార్డు, ఆంధ్రాలో బంధుత్వం. రెండు చోట్లా ఆఫీసుల్లో ఎవరో ఒకరు "మీరు అటువైపు వాళ్ళు కదా" అంటూనే ఉండేవారు. ఆ కండక్టరు దగ్గర మాత్రం మాకు ఏ వైపూ లేదు, ఎక్కిన చోటు, దిగే చోటు మాత్రమే ఉండేవి.

పత్రికల కట్టలు కూడా ఆ బస్సులోనే వచ్చేవి. చిన్నప్పుడు పెద్ద లైను మీద నౌపడకు వచ్చి అక్కడి నుంచి చిన్న రైల్లో కిమిడి చేరేసరికి పొద్దు బాగా ఎక్కేది. బస్సులు పెరిగాక తొలి బస్సు టాపు మీద తాటాకు చాపలో చుట్టి పంపేవారు. వాన కురిసిన రోజు పై రెండు మూడు కాగితాలు తడిసిపోయేవి. మా నాన్నగారు తడిసిన పత్రికను పొయ్యి పక్కన దండెం మీద ఆరవేసి, ఆరాక ముడతలు సవరించుకుంటూ చదివేవారు. పిల్లల పత్రిక నెలకొకసారి వచ్చేది. ఆ రోజు బస్టాండులో మేము నలుగురైదుగురం నిలబడి ఉండేవాళ్ళం. దుకాణదారు కట్ట విప్పకముందే డబ్బు చేతిలో పెట్టేసేవాళ్ళం. తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నా, తెలుగు అచ్చులో కనబడే చోట్లు ఊళ్ళో నానాటికి తగ్గుతున్న కాలమది. నాకు తెలుగు చదవడం, రాయడం నిలబడినది ఆ కట్టల వల్లనే.

మా పెదతాతగారు కొంతకాలం మద్రాసులో గుమాస్తాగా పనిచేశారు. కిమిడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి అలవాటు కొద్దీ చదువుకైనా ఉద్యోగానికైనా మా వాళ్ళు అటే వెళ్ళేవారు. ఆయనకు ట్రాముబండ్లంటే ప్రాణం. మద్రాసు వీధుల్లో 1895లో మొదలైన కరెంటు ట్రాములు 1953 ఏప్రిల్లో ఆగిపోయినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. ట్రాము ఆగిన మర్నాడు కూడా జనం పాత స్తంభాల దగ్గరే వచ్చి నిలబడ్డారని, కొన్నాళ్ళకు బస్సులు కూడా అక్కడే ఆగక తప్పలేదని చెప్పేవారు. చిన్న రైలు పని కూడా ఒకనాటికి అంతేనని ఆయన అన్నప్పుడు ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, నాన్నగారు భోజనం మధ్యలో లేచిపోయారు. అయినా పెదతాతగారి మాటలో నాకు ఆనాడే ఒక ధైర్యం దొరికింది. పట్టాలు పోయినా మనుషులు నిలబడే చోటు పోదని ఆయన తన కళ్ళతో చూసి చెప్పారు.

కిమిడి నుంచి గుణుపురం వైపు వెళ్ళే బస్సు తీరు వేరు. అది మొత్తం ఒడిశా నేల మీదే నడుస్తుంది. కాశీనగరం దాటాక వంశధార కనబడుతుంది, దూరంగా కొండలు వరుసగా లేస్తాయి. ఆ బస్సు వారపు సంతలను బట్టి నిండుతుంది. సంత రోజున సవర ఆడవాళ్ళు పొద్దున్నే కొండ దిగి, నడుము చుట్టూ ముతక నేత చీర బిగించి, ఆకు మూటలతో రోడ్డు పక్కన కూర్చునేవారు. చిన్న రైలు స్టేషన్లలో ప్లాట్‌ఫారం నేలకు సమంగా ఉండేది కనుక వాళ్ళకు రైలే సుఖం. బస్సు మెట్టు ఎత్తు. మొదట్లో బుట్టతో ఎక్కలేక వాళ్ళు పడిన అవస్థ నేను చూశాను. కొందరు డ్రైవర్లు వాళ్ళ కోసం రోడ్డు అంచున మట్టి దిబ్బ చూసుకుని దాని పక్కకు బస్సును ఆపేవారు. తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చిన క్లీనరు కుర్రవాడు ఒకడు ఉండేవాడు. ఎవరు ఏ భాషలో ఛార్జీ అడిగితే ఆ భాషలోనే చెప్పి, బుట్టను తనే అందుకుని లోపల పెట్టేవాడు.

1990ల మొదట్లో చిన్న రైలుకు ఆవిరి ఇంజన్లు పోయి డీజిలు ఇంజన్లు వచ్చాయి. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడి, కిమిడి జిల్లా కేంద్రమైంది. అదే రోజున గుణుపురం ఉన్న ప్రాంతం రాయగడ జిల్లాలోకి వచ్చింది. కచేరీ పనులు పెరిగాయి, బస్సులు పెరిగాయి, రైల్లో జనం పలచబడ్డారు. అయినా రైలు తిరుగుతూనే ఉంది. పెద్ద గేజి వేస్తారన్న మాట ఖాయమై 2002లో శంకుస్థాపన జరిగాక, 2004 జూనులో చిన్న రైలును ఆపేశారు. చివరి రోజు పూలదండలు, బొట్లు, ఫొటోలు, కన్నీళ్ళు, అన్నీ చాలామంది రాశారు కనుక నేను మళ్ళీ చెప్పను.

నేను చెప్పదలచినది ఆ మర్నాటి సంగతి. ఆ మర్నాడు పొద్దున ఊరి జనమంతా బస్టాండులో ఉన్నారు. రైల్లో అలవాటుగా ఎక్కే ముసలివాళ్ళు, పాల కేనుల వాళ్ళు, ఆకుకూరల గంపల వాళ్ళు, కొమ్ము దువ్వెనలూ కొమ్ము కొంగలూ అట్టపెట్టెల్లో సర్దుకుని ఊరూరా అమ్ముకునే కిమిడి పనివాళ్ళు, అందరూ రోడ్డు ఎక్కారు. బస్సుల సంఖ్య మాత్రం ఒక్కరోజులో పెరగలేదు. మెట్ల మీద నిలబడినవాళ్ళ చేతులు పట్టుకుని లోపలివాళ్ళు నిలిపి ఉంచేవారు. పెద్ద లైను కిమిడి దాకా వచ్చింది 2010లో, గుణుపురం చేరింది 2011లో. మధ్యనున్న ఆ ఏళ్ళలో మా ఇళ్ళలో పురుళ్ళు, పెళ్ళిళ్ళు, చావులు, పరీక్షలు, మందుల చీట్లు అన్నీ బస్సు మీదనే నడిచాయి. ఆ రోజుల గురించి ఒక్క పేజీ రాసినవాళ్ళు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మా అక్క కూతురి పెళ్ళి ఆ రోజుల్లోనే జరిగింది. వియ్యాలవారిది టెక్కలి. పాత పద్ధతిలో అయితే ఒక రైలు పెట్టె సగం మా వాళ్ళతోనే నిండేది, గంగాళాలు, అరటి గెలలు, కావిడి సారె అన్నీ అందులోనే పోయేవి. ఈసారి మేము ఒక బస్సు మాట్లాడుకున్నాము. అది నడిచే దారే కనుక డ్రైవరుకు ప్రతి మలుపూ తెలుసు. సగం దూరం వెళ్ళాక కల్వర్టు దగ్గర వెనక చక్రం మెత్తబడింది. ముహూర్తానికి వ్యవధి తక్కువగా ఉంది. పెళ్ళికూతురు దిగి చింతచెట్టు కింద పీట వేసుకుని కూర్చుంది, మా బావగారు జాకీ పట్టుకుని కింద దూరారు. అదే దారిన వచ్చిన ఆంధ్రా సర్వీసు బస్సు ఎవరూ చెయ్యి ఎత్తకుండానే ఆగింది. కండక్టరు సంగతి విని, తన ప్రయాణికులను బతిమాలి ముందు నాలుగు వరుసలు ఖాళీ చేయించాడు. "పిల్లనీ, తల్లినీ, పురోహితుణ్ణీ ముందు పంపించీండి, సామాన్లు ఎనకాల తోలుకొద్దురు" అన్నాడు. ఆ బస్సులో ఉన్నవాళ్ళు మాకు ఎవరూ కారు. టెక్కలి సంతకు పోతున్న ఒక ముసలమ్మ తన గంపలోంచి మల్లెల చెండు తీసి మా పిల్ల జడలో తురిమింది. ముహూర్తం వేళకు పిల్ల పీటల మీద కూర్చుంది. మేము సామానుతో చేరేసరికి జీలకర్ర బెల్లం పెట్టేశారు, దానికి మాలో ఎవరికీ విచారం లేదు.

అమ్మమ్మ ఆఖరి నెలల్లో అమ్మ వారానికి రెండు మార్లు అటు వెళ్ళి వచ్చేది. చివరి బస్సు తప్పిపోతే రాత్రి ఉండిపోవాలి, ఉండిపోతే ఇక్కడ నాన్నగారికి మందులు ఇచ్చేవాళ్ళు లేరు. అందుకని చివరి బస్సు డ్రైవరు అమ్మ ఎక్కే మలుపు దగ్గర హారను కొట్టి కొంతసేపు ఆగేవాడు. ఆయన ఏ రోజూ ఆ సంగతి నోటితో అనలేదు. అమ్మమ్మ పోయిన తరువాత పన్నెండో రోజు భోజనాలకు ఆయనను పిలిచాము. డ్యూటీ బట్టల్లోనే వచ్చి, వరండాలో కూర్చుని తిని, విస్తరి తనే ఎత్తుకుని వెళ్ళి పారవేసి, బస్సు వేళ అవుతోందని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పెద్ద రైలు నడుస్తోంది. గుణుపురం నుంచి విశాఖపట్నానికి, పూరీకి తిన్నగా బండ్లు ఉన్నాయి. ఎత్తయిన ప్లాట్‌ఫారాలు, సిమెంటు షెల్టర్లు వచ్చాయి. విశాఖలో వైద్యం కోసం వెళ్ళే వాళ్ళకు, దూరపు చదువుల పిల్లలకు అది ఎంతో మేలు చేసింది, అందుకు నాకు సంతోషమే. దగ్గర ఊళ్ళకు మాత్రం ఆటోలు, బస్సులే దిక్కు. బస్సులు మునుపటి కన్నా తగ్గాయి, ఆటోలు వాటి ముందు ముందుగా పోయి జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. ఈ దారిలో బస్సులను ఇంకా తగ్గించకూడదని నా గట్టి అభిప్రాయం. ఆటో సందడి ఉన్నంతసేపే తిరుగుతుంది, రాత్రి ఎనిమిది దాటితే రెట్టింపు అడుగుతుంది. రైలు తన వేళకు తాను వచ్చి పోతుంది. పొద్దున వెళ్ళి పని చూసుకుని పొద్దుగూకేలోగా తిరిగి రావాలనుకునే మనిషికి, ముఖ్యంగా ఒంటరి ఆడమనిషికి, నమ్మకంగా ఉండేది బస్సే.

పాతపట్నంలో ఉన్న మా మేనత్త కూతురు చిన్న బట్టల కొట్టు నడుపుతోంది. వారానికి ఒకసారి కిమిడి వచ్చి సరుకు కొనుక్కుని వెళుతుంది, వచ్చినప్పుడు మా ఇంట్లో భోజనం చేస్తుంది. రైలెక్కి రావచ్చు కదా వదినా అని నేను అంటే, ఆ వేళకు కొట్టు కట్టేస్తే బేరం పోతుందని, పైగా మూటలతో స్టేషను నుంచి మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలని చెబుతుంది. పోయిన వారం వచ్చినప్పుడు మధ్యాహ్నపు బస్సు ఒకటి తీసేశారని చెప్పింది. ఆమె, ఇంకో పదిమంది కలిసి దాన్ని తిరిగి వేయమని అర్జీ రాస్తున్నారు. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఒడియా ప్రతి రాసిపెట్టే పని నేను తీసుకున్నాను.